ఛీ పో అంటే పోవాలి కదా!

మలుపు దగ్గర ఇద్దరూ ఢీకొంటారు. చేతిలో పుస్తకాలు కింద పడతాయి. లేదంటే కారొకటి వచ్చి వాననీళ్లు చీర మీద చిమ్ముతుంది. అమ్మాయి కళ్లెర్రజేస్తుంది. అబ్బాయి 'సారీ' అనకపోగా పొగరుగా ఇంకో మాటంటాడు. అంతే! చూస్తున్న మనకి అర్థమైపోతుంది, వీళ్లిద్దరికీ పెళ్లి ఖాయమని. ఎన్ని రీళ్లకి, ఎన్ని వారాలకి, ఎన్ని వందల ఎపిసోడ్లకి అన్నదొక్కటే తేలాలి.

ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా మనకి మొహం మొత్తదు. మా అమ్మకి మొత్తలేదు. నాకూ మొత్తలేదు. అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కి చదువుతున్న మా చెల్లెలి కూతురికి అసలే మొత్తలేదు. పగలంతా రాజ్యాంగం, ఆర్థిక సర్వే బట్టీపట్టి, రాత్రి పడుకోబోయే ముందు ఓ అరగంట సెల్‌ఫోన్లో సీరియల్ చూస్తుంది. ఏ దేశానిదనుకున్నారు? ఫిలిప్పీన్స్‌ది! మాట ఒక్క ముక్క అర్థం కాకపోయినా కింద ఇంగ్లీషులో వస్తుందిట, అది చదువుకుంటుంది.

"పల్లెటూరి పిల్ల పెద్దమ్మా, బాగా డబ్బున్నోళ్ల బడిల చేరుతది. ఆడ ఒకడుంటడు, పొగరుబోతు. ఫస్ట్ ఇద్దరికి అస్సలు పడదు. తర్వాత..." అని అది మొదలుపెట్టగానే, "తర్వాతది నేను చెబుతా ఉండు" అన్నాను. చెప్పాను. "నువ్వెప్పుడు చూసినవ్?" అని నోరు తెరిచింది.

ఆ సీరియల్ పేరు 'హీజ్ ఇన్‌టు హర్'. 2021లో వచ్చింది. వాట్‌ప్యాడ్ అని ఇంటర్నెట్‌లో కథలు రాసుకునే చోటు ఒకటుంది. అక్కడ భాగాలుగా వచ్చిన నవలని సీరియల్ తీశారు. మన వారపత్రికల సీరియళ్లని సినిమాలు తీసినట్టే అన్నమాట. అక్కడి టీవీవాళ్లు ఇలాంటి కథల కోసం ఓ అబ్బాయినీ ఓ అమ్మాయినీ జంటగా కలిపి, సీరియల్ తర్వాత సినిమా, సినిమా తర్వాత మళ్లీ సీరియల్ అంటూ నడిపిస్తారు. దానికి 'లవ్ టీమ్' అని పేరు. అంతకుముందు 2003లో 'మెటియోర్ గార్డెన్' అనే తైవాన్ సీరియల్ ఆ దేశంలో కుర్రకారుని ఊపేసింది. డబ్బున్న పొగరుబోతు, బీదింటి నోరున్న పిల్ల. దానికి మూలం 1992లో జపాన్‌లో మొదలైన బొమ్మల కథ. రాసింది యోకో కమియో అనే ఆవిడ. దాన్నే కొరియావాళ్లు 2009లో 'బాయ్స్ ఓవర్ ఫ్లవర్స్' అని తీశారు. దేశాలు మారాయి గానీ ఆ పిల్ల నోరూ, ఆ కుర్రాడి పొగరూ ఎక్కడికీ పోలేదు.

మరి మనమేం తక్కువ తిన్నామా?

చిక్కడపల్లి, నారాయణగూడ సందుల్లో ఒకప్పుడు అద్దె నవలల షాపులుండేవి. డిపాజిట్ కట్టాలి, రోజుకింత అని అద్దె. అట్ట మీద కాకీ కాగితం, లోపల ఎవరో పెన్సిల్‌తో గీతలు పెట్టిన పేజీలు. నేను నారాయణగూడలో డిగ్రీ చదివే రోజుల్లో, కొత్త నవల వస్తే మాకోసం దాచిపెట్టమని షాపతన్ని బతిమాలేవాళ్లం. మా అమ్మ తరం వాళ్లయితే పత్రికల్లోంచి సీరియల్ పేజీలు చించి, వరసగా పేర్చి బైండు చేయించుకునేవారు. యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ' మా ఇంట్లో అలాగే ఉండేది. 1960లలో 'జ్యోతి' మాసపత్రికలో వచ్చిన నవల అది. ఉద్యోగానికి వచ్చిన జయంతి, ఆమెకి జీతమిచ్చే రాజశేఖరం. అతనంటే ఆమెకి అనుమానం, చిరాకు. అన్నిటినీ మించి తన ఆత్మాభిమానం. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో రామానాయుడు గారు దాన్నే సినిమా తీశారు. 2018లో యద్దనపూడి పోయారన్న వార్త విన్న రోజు మా అపార్ట్‌మెంట్లో ముగ్గురం ఒకచోట చేరి ఏ నవలలో హీరో పేరేమిటో గుర్తుచేసుకుంటూ కూర్చున్నాం. ముగ్గురికీ యాభై దాటింది. పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మర్చిపోతాం గానీ ఆ పేర్లు మాత్రం మర్చిపోలేదు.

ఎందుకింత ఇష్టం? మగవాళ్లు వెక్కిరిస్తారు, 'ఆరడుగుల అందగాడు, పొడుగాటి కారు' అని. వాళ్లకి కారే కనబడుతుంది. మనం చూసేది వేరు. ఆ కథల్లో అమ్మాయి ఎదురు మాట్లాడుతుంది! మన ఇళ్లల్లో ఎదురు మాట్లాడిన పిల్లని ఏమంటారు? గయ్యాళి. నోటిదురుసు. 'రేపు అత్తవారింట్లో ఎలా నెగ్గుకొస్తావే' అంటారు. నవలలో మాత్రం అదే నోటికి బహుమతి దొరుకుతుంది. ఆ నోరు చూసే హీరో మనసు పారేసుకుంటాడు. ఇరవయ్యేళ్లు నోరు మూసుకుని పెరిగిన పిల్లకి ఇంతకంటే తియ్యటి కల ఏముంటుంది చెప్పండి?

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ నవలలు చదివిన ఆడవాళ్లలో చాలామందికి, పెళ్లిచూపుల్లో అయిదు నిమిషాలు తలొంచుకుని కూర్చోగానే పెళ్లయిపోయింది. ముక్కూ మొహం తెలియని మనిషి. ముభావమో, కోపిష్టో, మంచివాడో ముందు తెలిసే దారి లేదు. అలాంటప్పుడు 'ఈ విసుగు వెనకాల ఏ మూలో ప్రేమ ఉంది, ఏదో ఒకరోజు బయటపడుతుంది' అని చెప్పే కథ ఎంత ఆసరా! మేం చిక్కడపల్లిలో అద్దెకున్న పాతింట్లో కింద వాటాలో ఒకావిడ ఉండేది. ఆయన ఆవిడతో రోజుకి పది మాటలు మాట్లాడేవాడు కాదు. మాట్లాడితే కసురే. "లోపల ప్రేమే వదినా, పైకి చెప్పలేరు" అనేది మా అమ్మతో. వారానికి నాలుగు నవలలు చదివేది. ఆవిడ ఎదురుచూసిన రోజు వచ్చిందో లేదో మాకు తెలియదు. వాళ్లు ఇల్లు మారి వెళ్లిపోయారు. వెళ్లేటప్పుడు కూడా ఆయన గుమ్మంలో నిలబడి ఆవిణ్ణి ఏదో విసుక్కుంటూనే ఉన్నాడు.

కసురుని ప్రేమ అనుకోవడం అలవాటైతే, రేపు చెయ్యెత్తినా అదీ ప్రేమే అనుకోవాల్సి వస్తుంది. నా భయం అది.

అలాగని పోట్లాటే తప్పని నేననను. 'ప్రణయకలహం' అని అందమైన మాటే ఉంది మనకి. కూచిపూడివారి భామాకలాపంలో సత్యభామ జడ విసిరి నడుస్తుంటే చూడటానికి రెండు కళ్లు చాలవు. నంది తిమ్మన పారిజాతాపహరణంలో, కాళ్ల మీద వాలిన కృష్ణుడి తలని ఆవిడ ఎడమకాలితో తోసేస్తుంది. అయిదు వందల ఏళ్ల కిందటి కావ్యం అది! ఆయన మండిపడడు. నా ఒళ్లు తగిలి నీ పాదం నొచ్చిందేమో అంటాడు. గడుసువాడే అనుకోండి. అయినా ఆవిడ కోపం ఆవిడ హక్కు అని ఒప్పుకున్నాడుగా.

'మిస్సమ్మ' చూడండి. 1955 జనవరిలో వచ్చింది. మేరీ, బలరామ్ ఇద్దరూ చదువుకున్నవాళ్లే, ఇద్దరూ నిరుద్యోగులే. భార్యాభర్తలైతేనే టీచరు ఉద్యోగాలిస్తామంటే, పెళ్లి కాకుండానే మొగుడూపెళ్లాలమని అప్పాపురం వెళతారు. ఒకే ఇంట్లో ఉంటూ పొద్దస్తమానం తగాదా. ఆమె చీటికీమాటికీ భగ్గుమంటుంది, అతను సర్దుకోలేక చస్తుంటాడు. కానీ ఇద్దరికీ ఉద్యోగం అవసరం సమానం, బండారం బయటపడితే ఇద్దరూ సమానంగా వీధిన పడతారు. అతని చేతిలో ఆమె జుట్టు లేదు. సావిత్రి ఎంత మూతి విరిచినా ఎవరూ ఆ పొగరు అణచాలనుకోరు. అసూయ పుట్టినప్పుడు గానీ ఆవిడకే తన మనసు తెలిసిరాదు. ఇవాళ చూసినా హాయిగా నవ్వుకోవచ్చు.

దాని పక్కన అదే విజయావారి 'గుండమ్మ కథ' (1962) పెట్టండి. నాకిష్టమైన సినిమాయే, టీవీలో వస్తే ఇప్పటికీ కదలను. అయినా చెప్పక తప్పదు. జమున వేసిన సరోజ పొగరుబోతు పిల్ల. అక్కినేని ఆమెని పెళ్లాడి, డబ్బు లేనివాడిలా నటించి, తోటపనికి తీసుకెళ్లి మట్టి మొయ్యనిచ్చి మరీ దారికి తెస్తాడు. ఆమె మారింది, అతను మారాల్సిన అవసరమే లేకపోయింది. ముప్పయ్యేళ్ల తర్వాత 1992లో 'ఘరానా మొగుడు' వచ్చింది. ఈసారి నగ్మా ఏకంగా ఫ్యాక్టరీ యజమాని. చిరంజీవి కార్మికుడు. ఆమెని లొంగదీసుకోవడమే కథ. క్రాస్‌రోడ్స్ హాళ్లలో ఆ లొంగదీసే సీన్లకే ఈలలు. అబ్బాయికి పొగరుంటే వ్యక్తిత్వం ఉందంటారు. అమ్మాయికుంటే ఎవరో ఒకరు వచ్చి అణచాలి. ఇదెక్కడి న్యాయమో నాకు అంతుబట్టదు.

సీరియళ్లలోనూ ఈ రెండు రకాలూ కలగలిసిపోయి ఉంటాయి. 2011లో హిందీలో మొదలైన సీరియల్ ఒకటి 'చూపులు కలిసిన శుభవేళ' అన్న పేరుతో మా టీవీలో తెలుగులో వచ్చింది. గుర్తుందా? మా వీధిలో ఆ టైముకి ఎవరి తలుపు తట్టినా పలికేవారు కారు. అందులో హీరో అర్ణవ్, ఖుషీని అపార్థం చేసుకుని, నన్ను ఆరు నెలలు పెళ్లి చేసుకోకపోతే మీ అక్క పెళ్లి ఆపేస్తానని బెదిరించి తాళి కడతాడు. ఇది నేరం కాదా అని అడిగితే, "అబ్బ, కళ్లు చూడండి అతనివి, ఎంత ప్రేముందో" అన్నారు మా ఫ్లోర్‌లో ఒకావిడ. నిజమే, కళ్లు బాగుంటాయి.

తర్వాత 2020 డిసెంబరు నుంచి 2024 దాకా నడిచిన 'గుప్పెడంత మనసు' కాస్త నయం. కాలేజీలో రిషి, వసుధార. మొదట్లో ఇద్దరికీ క్షణం పడదు. తనని చిన్నప్పుడే వదిలి వెళ్లిన తల్లి మీది కోపం అతను ఆడవాళ్లందరి మీదా చూపిస్తుంటాడు. ఆ పిల్ల మాత్రం చదువు వదలదు, తల వంచదు. అతని కోపానికి ఓ కారణం చూపించారు, ఆ కోపం తప్పని అతనికి తెలిసేలా కూడా చేశారు. నాకు మిగిలిన పేచీ ఒకటే. అతను ఆమెకి పాఠం చెప్పే సారు, పైగా కాలేజీకి పెత్తందారు. మార్కులు వేసేవాడితో, జీతమిచ్చేవాడితో పోట్లాట సమానుల పోట్లాట ఎలా అవుతుంది? 'సెక్రటరీ' నాటికి దీనికి చట్టంలో పేరు లేదు. 1997లో సుప్రీంకోర్టు విశాఖ తీర్పు ఇచ్చాక, 2013లో చట్టం వచ్చాక ఉంది. ఇవాళ జయంతి ఏ ఆఫీసులో చేరినా, పదిమంది గానీ అంతకుమించి గానీ పనిచేసేచోటైతే, ఫిర్యాదు వినే కమిటీ ఉండి తీరాలి.

'ఇదంతా కథే కదండీ, సరదాకి చూస్తాం, ఎవరు నేర్చుకుంటారు?' అంటారా? నేర్చుకుంటున్నారు. మనం కాదు, మన వెనకసీట్లో కూర్చుని ఈల వేసినవాళ్లు.

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం మీకు తెలిసే ఉంటుంది. పొద్దున్నే టిఫిన్ డబ్బా, నీళ్లసీసా, సంచీనిండా పుస్తకాలతో పిల్లలు సీటు కోసం వచ్చేస్తారు. మా చెల్లెలి కూతురి రూమ్‌మేట్, మహబూబ్‌నగర్ వైపు పిల్ల, రోజూ అక్కడికే వెళ్లేది. ఒకబ్బాయి ఆమె వెంట పడ్డాడు. లైబ్రరీ నుంచి అశోక్‌నగర్ హాస్టల్ సందు దాకా నడిచి వచ్చేవాడు. టీ తాగడానికి వెళితే అక్కడ. జిరాక్స్ షాపుకి వెళితే అక్కడ. రెండు వారాలు ఓర్చుకుని, మూడోవారం నడిరోడ్డు మీద ఆగి చెడామడా తిట్టింది. 'ఛీ, పో' అంది. ఆ కూరగాయల బళ్లవాళ్లు కూడా తిరిగి చూశారట.

అతను నవ్వాడు. మర్నాటి నుంచి రెండుపూటలా రావడం మొదలుపెట్టాడు. స్నేహితులతో చెప్పుకున్నాడట, "తిట్టింది రా, ఇగ లైన్ల పడ్డట్టే" అని.

ఆ పిల్ల తిట్టడమే అతనికి మొదటి సీన్ అయింది చూశారా! సినిమాలో కూడా అంతేగా. ఇక ఆమె ఎంత గట్టిగా వద్దంటే కథ అంత బాగా నడుస్తున్నట్టు. మాట్లాడకపోతే సిగ్గు. మాట్లాడితే ఇష్టం. తిడితే మరీ ఇష్టం. ఆ పిల్ల తన నోటితో 'వద్దు' అని చెప్పడానికి ఇంకే మాట మిగిలింది?

ఇంట్లో చెప్పలేదు. ఎందుకో మీకు నేను చెప్పనక్కర్లేదు. 'చదివింది చాలు, సామాను సర్దుకో' అంటారు. ఎకరం కుదువబెట్టి పంపిన చదువు. నెల హాస్టల్ ఫీజు కట్టడానికి తమ్ముడు చదువు ఆపిన ఇల్లు. వెంటపడినవాడు దర్జాగా లైబ్రరీలో చదువుకుంటాడు, ఈ పిల్ల తిరుగు బస్సు ఎక్కాలి. అందుకని లైబ్రరీ మానేసి, ఆరు మంచాల గదిలో మంచం మీద కూర్చుని చదవడం మొదలుపెట్టింది. పరీక్ష రెండు నెలలుంది.

మా రోజుల్లో దీన్ని 'ఈవ్ టీజింగ్' అనేవారు. పేరు వింటే ఏదో ఆటలా ఉండేది. నారాయణగూడ బస్‌స్టాప్‌లో రోజూ ఆ ఆట ఆడేవాళ్లుండేవారు, మేం తలొంచుకుని బస్సెక్కేవాళ్లం. ఇప్పుడు చట్టంలో సూటిగా రాశారు. 2013లో శిక్షాస్మృతిలో చేర్చారు, 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షన్. ఆమె ఇష్టం లేదని స్పష్టంగా తెలిపాక కూడా మళ్లీమళ్లీ వెంటపడి పలకరించబోతే నేరం. మొదటిసారికి మూడేళ్ల దాకా, మళ్లీ చేస్తే అయిదేళ్ల దాకా జైలు. గమనించారా? ఆమె 'వద్దు' అన్న చోట చట్టం నేరం మొదలైందంటుంది. సరిగ్గా అదే చోట మన సినిమా ప్రేమ మొదలైందంటుంది!

మా పిల్ల ఊరుకునే రకం కాదు. రూమ్‌మేట్‌ని వెంటబెట్టుకుని షీ టీమ్ వాళ్లకి చెప్పింది. హైదరాబాద్‌లో 2014 అక్టోబరు నుంచి ఉన్నాయి ఈ టీములు. మామూలు బట్టల్లో వచ్చి నిలబడ్డారు, అతను వెంటపడటం వీడియో తీశారు, పట్టుకున్నారు. తల్లిదండ్రుల్ని పిలిపించి కూర్చోబెట్టారు. తండ్రి తల ఎత్తలేదట. అబ్బాయి ఏమన్నాడో తెలుసా? "కోపం ఉందంటే ఇష్టం ఉన్నట్టే అనుకున్న సార్." అబద్ధం చెప్పాడని నేననుకోను. అతనికి ఎవరూ ఇంకోలా చెప్పలేదు. ఇంట్లో చెప్పలేదు, బళ్లో చెప్పలేదు, క్రాస్‌రోడ్స్‌లో మొదటి ఆటకి వెళితే అక్కడ అసలే చెప్పలేదు.

ఇక్కడితో ఆగింది కాబట్టి సరిపోయింది. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ అమ్మాయిల మీద యాసిడ్ పోశారు. ఒకమ్మాయి ప్రాణం పోయింది. వాళ్లలో ఒకరు చేసిన నేరం 'కాదు' అనడం.

మరి ఈ కథలు మానెయ్యాలా? నేనైతే మానను. పగవాళ్లు ప్రేమికులయ్యే కథల్లో ఇంగ్లీషువాళ్లకి పెద్దమ్మ లాంటి నవల 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'. జేన్ ఆస్టెన్ రాసింది, 1813లో అచ్చయింది. డిగ్రీలో మాకు పాఠంగా ఉండేది. డార్సీ అనే ధనవంతుడు ఎలిజబెత్‌ని పెళ్లాడమని అడుగుతాడు. అడుగుతూనే ఆమె ఇంటివాళ్లని తక్కువ చేస్తాడు. ఆమె మొహం మీదే కాదు పొమ్మంటుంది. అప్పుడతనేం చేశాడు? వెళ్లిపోయాడు! మర్నాడు ఓ ఉత్తరం చేతికిచ్చి, తన మీద వేసిన నిందలకి జవాబు చెప్పుకుని, మళ్లీ ప్రేమ ఊసెత్తకుండా వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆమె తిట్టిన తిట్లలో నిజమెంతో తనలో తనే చూసుకున్నాడు. ఆమె చెల్లెలి పరువు నిలబెట్టే సాయం చేసి, అది ఆమెకి తెలియకూడదనుకున్నాడు. నెలలు గడిచాక రెండోసారి అడిగినప్పుడు కూడా, నీ మనసు మారకపోయి ఉంటే ఒక్క మాట చాలు, ఇక నోరెత్తనన్నాడు. రెండు వందల ఏళ్లుగా ఆడవాళ్లు ఆ మనిషి మీద మనసు పడుతున్నారంటే అతని బంగళా చూసి కాదు, ఆ వెళ్లిపోవడం చూసి అని నా నమ్మకం. సరే, బంగళా కూడా కొంచెం.

అప్పటి నుంచీ ఏ సినిమా చూసినా, ఏ సీరియల్ చూసినా నేను ఈ ఒక్కటే చూస్తాను. ఆమె వద్దన్నాక ఇతనేం చేశాడు? 2018లో 'గీత గోవిందం' వచ్చినప్పుడు థియేటర్లో పక్కసీటు పిల్లలు తెగ నవ్వారు, నేనూ నవ్వాను. బస్సులో నిద్రపోతున్న అమ్మాయితో చెప్పకుండా సెల్ఫీ తీయబోయి హీరో చిక్కుల్లో పడతాడు. ముద్దు పొరపాటున జరిగిందని సినిమా అంతా మొత్తుకుంటారు గానీ, సెల్ఫీ మాత్రం పొరపాటున తీయబోలేదు కదా బాబూ! అయినా ఆ సినిమాలో ఒక మంచి ఉంది. గీత కోపం న్యాయమైనదని ఒప్పుకున్నారు. ఆమె కళ్లెర్రజేసినప్పుడల్లా అతను వణికాడే గానీ, ఇది ఇష్టంలే అని మీసం మెలెయ్యలేదు. అంతమాత్రానికే మనం సంతోషించాల్సి వస్తోందంటే మన సినిమా ఎక్కడుందో చూడండి.

సీరియల్ రాసేవాళ్లలో ఇప్పుడు ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. అమ్మా, ఒక్క పదిహేను ఎపిసోడ్లు ఆ అబ్బాయిని వెళ్లనివ్వండి. ఆ అమ్మాయి తన పని తను చేసుకుంటుంది, పరీక్ష రాస్తుంది, ఉద్యోగం తెచ్చుకుంటుంది. అతను వీధి చివర కాచుకుని ఉండడు, ఫోన్ చెయ్యడు, ఆమె స్నేహితురాలిని రాయబారం పంపడు. రేటింగ్ పడిపోతుందని భయమా? మాలాంటివాళ్లం ఎదురుచూస్తాం. వారపత్రిక కోసం వారమంతా ఎదురుచూసిన ప్రాణాలు మావి.

మహబూబ్‌నగర్ పిల్ల మళ్లీ లైబ్రరీకి వెళుతోంది. మొదట్లో మా పిల్ల తోడు వెళ్లేది, ఇప్పుడు ఒక్కతే. పరీక్ష రాసింది, ఫలితం రావాలి. మొన్న ఆదివారం ఇద్దరూ భోజనానికొచ్చారు. గోంగూర పచ్చడి కలుపుకుంటూ మా పిల్ల చెప్పింది. ఆ మధ్య రాత్రి ఇద్దరూ కలిసి ఏదో కొత్త సీరియల్ చూస్తుంటే, హీరో ఆ అమ్మాయి హాస్టల్ గేటు దగ్గర వానలో నిలబడే సీన్ వచ్చిందట. ఈ పిల్ల చెయ్యి చాపి ఫోన్ ఆపేసిందట.

"చూడబుద్ధి కాలే పెద్దమ్మా" అంది ఆ పిల్ల, కంచంలోకి చూస్తూ.

"మరి నువ్వు?" అని మా పిల్లనడిగాను.

"నేను పొద్దుగాల లేసి మిగతాది చూసిన" అంది. "ఆఖరికి కలుస్తరులే."